మూడు, ఒకటి, రెండు

బిలాస్‌పూర్, రైల్వే కాలనీ
జులై, మంగళవారం

అత్తకి,

నేను అబద్ధాలకోరునా? నిన్న ఫోన్లో ఆ మాట అనేసి టక్కున పెట్టేశావు. మళ్ళీ చేస్తే, నోటిమాటలో పట్టుకోవడానికి ఏమీ దొరకదు, వాదించాలనుంటే కాగితం మీద పెట్టు అని ఇంకోసారి పెట్టేశావు. సరే, పెడుతున్నాను. తొమ్మిదో క్లాసులో బడి మానేశాక ఇంత పొడుగు తెలుగు రాయడం ఇదే మొదలు. చెయ్యి నొప్పి పుడితే ఆ పాపం నీదే.

ముందు సంగతి సాఫ్‌గా మాట్లాడుకుందాం. మన తెలుగు సంఘం వాళ్ళు హాలు వెనకాల పిల్లలకి లెక్కల గది కట్టారు. దానికి నీ పేరు పెడుతున్నారు. దసరా వెళ్ళాక వచ్చే ఆదివారం నీకు శాలువా కప్పి, నీ చేతే ఆ గది తలుపు తీయిస్తారు. ఆ రోజు నీ జీవితం గురించి చదవాల్సినవాణ్ణి నేను. నన్నే ఎందుకు పెట్టారో నీకు అనుమానంగా ఉందని తెలుసు, నాకూ ఉంది. నువ్వు రిటైరై చిన్నత్త దగ్గరికి విజయనగరం వెళ్ళేదాకా రైల్వే స్కూల్లో నీ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళలో ఇంజనీర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, డాక్టరమ్మ కూడా ఒకావిడ ఉంది. అందరూ బిజీయే. సెక్రటరీ తిరుమలరావు గారు (గార్డుగా రిటైరయ్యాక కూడా విజిల్ జేబులోనే పెట్టుకు తిరుగుతాడు చూడు, ఆయనే) అందరి ఇళ్ళకీ తిరిగి తిరిగి చివరికి నా దగ్గరకొచ్చాడు. "నీకు మైకు సెట్టు ఎలాగూ ఉన్నాది. పెళ్ళిళ్ళలో గొంతు చించుకుంటావు. మేనత్త గురించి నాలుగు ముక్కలు చదవలేవేటి?" అన్నాడు.

ఎందుకు చదవలేను? రాసేశాను కూడా. నీకు పంపాను. నువ్వు అబద్ధం అన్నవి ఏవేవి? నువ్వు లెక్క కట్టిన దగ్గర్నుంచి మన యార్డులో గూడ్సు బళ్ళు సగం టైములో తయారవుతున్నాయని రాశాను. అది అబద్ధమన్నావు. పెద్ద ఆఫీసరు ఒకాయన మన క్వార్టర్‌కొచ్చి నీకు చేతులు జోడించాడని రాశాను. అదీ అబద్ధమన్నావు. నువ్వు కంప్యూటర్ కన్నా ముందే కూడికలు చెప్పేస్తావని రాశాను. అచ్ఛా, అదొక్కటీ అబద్ధమేనని ఒప్పుకుంటాను. బుధవారీ బజార్లో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని కూడా టమాటాలవాడి చేతిలో మోసపోయేదానివి నువ్వు. సంచీ మోసేవాణ్ణి నేనేగా.

కానీ జనం సంగతి నాకు తెలుసు అత్తా. పెళ్ళికొడుకు మామూలు క్లర్కు అని మైకులో చెప్పి చూడు, ఎవడూ తల ఎత్తడు. రాయ్‌పూర్ రాకుమారుడు అంటే వాడెక్కిన గుర్రం కూడా తల ఊపుతుంది. అబద్ధం వద్దంటే మరి నిజం నువ్వే చెప్పు. అసలు నువ్వు కనిపెట్టిందేమిటి? మనింట్లో ఎవరికీ తెలీదు. నాన్నని అడిగితే, "ఏదో వ్యాగన్ల లెక్క, ఇంగ్లీషు పత్రికలో పడింది" అని రైలింజన్ల షెడ్డులో డ్యూటీకి వెళ్ళిపోయాడు. తొమ్మిదిలో మానేసినవాడికి అర్థమయ్యేలా రాయి. రాయకపోతే నేను రాసిందే చదివేస్తాను.

పృథ్వీ


విజయనగరం
జులై ఆఖరు

ఒరే పృథ్వీ,

నీ ఉత్తరం అందింది. అక్షరదోషాలు లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడంలో నేను గట్టిదాన్ని కాదని నువ్వే రాశావు కదా.

మా నాన్న, అంటే మీ తాత నాగభూషణం, బిలాస్‌పూర్ యార్డులో షంటరు. వచ్చిన వ్యాగన్లని కావలసిన వరసలోకి మార్చి పంపడం ఆయన డ్యూటీ. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. ఆయన తింటుంటే నేను లైన్లు చూస్తూ కూర్చునేదాన్ని. అక్కడొక డెడ్ ఎండ్ లైను ఉండేది. ఒక చివర తెరిచి ఉంటుంది, రెండో చివర మట్టిదిబ్బ. అందులోకి వెళ్ళిన వ్యాగన్ వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. అంతే, నా జీవితం మొత్తం అక్కడే మొదలైంది. ఇందులో చప్పట్లు కొట్టే జాగా ఎక్కడా లేదు, వెతక్కు.

ఇప్పుడు విను. ఒకటి, రెండు, మూడు అని మూడు వ్యాగన్లు ఆ వరసలో వస్తాయి. వచ్చినదాన్ని డెడ్ ఎండ్‌లోకి నెట్టొచ్చు, నెట్టినదాన్ని బయటికి లాగి పంపెయ్యొచ్చు. బయటికి పోయింది మళ్ళీ రాకూడదు. మూడింటికి మొత్తం ఆరు వరసలు ఉంటాయి. అందులో ఐదు వరసల్లో పంపగలవు, ఒక వరస మాత్రం ఎన్నటికీ కుదరదు. అదేదో నేను చెప్పను. సిర్గిట్టి గోడౌన్లో పని చేస్తున్నావని మీ నాన్న అన్నాడు. అక్కడ చక్రాలున్నవి ఏవైనా ఉంటాయి కదా, వాటితో చేసి చూడు.

చేసి చూశాక, ఎందుకు కుదరదో రాయి. జాగ్రత్తగా చదువు ఈ ముక్క: కుదరలేదు అనేది వేరు, కుదరదు అనేది వేరు. మొదటిది నీ సంగతి. రెండోది వ్యాగన్ల సంగతి. నాకు రెండోది కావాలి.

నీ చేత్తో ఆ ప్రూఫ్ రాసి పంపితే నేను రైలెక్కుతాను. నువ్వు అర్థం చేసుకోని పనికి నువ్వే నన్ను పొగడడం, ఆ పొగడ్తకి నేను శాలువా కప్పించుకోవడం నాకు నచ్చదు. మీ చిన్నత్త సౌభాగ్య ఇది చదివి, "పిల్లాడికి శిక్ష వేస్తున్నావా, పిలుస్తున్నావా?" అంటోంది. దానికి ఇప్పటికీ తేడా తెలీదు.

ఆశీస్సులతో
శాంతత్త


బిలాస్‌పూర్
ఆగస్టు, శుక్రవారం

అత్తకి,

అయిపోయింది. టికెట్ బుక్ చేసుకో.

గోడౌన్లో సిమెంటు బస్తాల మధ్య సన్నటి సందు ఉంది, చివర గోడ. అచ్చం నీ డెడ్ ఎండే. మూడు ట్రాలీలకి సుద్దతో ఒకటి, రెండు, మూడు అని రాశాను. నాతో పనిచేసే నాగేంద్రని పిలిచాను. వాడు యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కొడుకు, పుట్టుకతోనే తనకి షంటింగ్ తెలుసంటాడు. మొదలుపెట్టాం. ఒకటి రెండు మూడు కుదిరింది. మూడు రెండు ఒకటి కుదిరింది. రెండు మూడు ఒకటి కూడా వచ్చేసరికి నాగేంద్ర గోడౌనంతా తనదే అన్నట్టు తిరిగాడు. తర్వాత మూడు, ఒకటి, రెండు దగ్గర ఆగిపోయాం. అది రాదు అత్తా. ఎలా తిప్పినా రాదు. నాగేంద్ర చివరికి ట్రాలీని రెండు చేతులతో ఎత్తి బస్తాల మీంచి అవతల పెట్టేశాడు. "మరి వొచ్చీసింది కదా?" అంటాడు. వ్యాగన్ని కూడా అలాగే ఎత్తుతావా అని అడిగితే, మా నాన్న అయితే ఎత్తీవోడు అన్నాడు.

అంతలో సూపర్‌వైజర్ వచ్చాడు. తిట్టడానికి నోరు తెరిచాడు గానీ తిట్టలేదు, ఎందుకంటే ఆయన వెనకాల బ్యాంకు నుంచి సరుకు తనిఖీకి వచ్చిన ఒకమ్మాయి ఉంది. ఆ అమ్మాయి ట్రాలీల మీద నంబర్లు చూసి, ఇదేంటని తెలుగులో అడిగింది. ప్రత్యూష గారు. కరీంనగర్ వాళ్ళు, ఉద్యోగం ఇక్కడ. దసరా తర్వాతి ఆదివారం ప్రోగ్రాంలో నాతో పాటు మైకు పట్టుకోబోయేది ఈవిడేనని అప్పుడు తెలిసింది, తిరుమలరావు గారు అడిగితే సరేనన్నారట. చేతిలో ఫైలు బస్తా మీద పెట్టి, ఆవిడే స్వయంగా రెండో ట్రాలీ నెట్టారు. తనిఖీ ఏమైందో నాకు తెలీదు. ప్రత్యూష గారికి కూడా మూడు, ఒకటి, రెండు రాలేదు. సాయంత్రం దాకా రాలేదు. బ్యాంకులో ఉద్యోగం చేసేవాళ్ళకే రాలేదంటే ఇంక ప్రపంచంలో ఎవరికీ రాదు.

కాబట్టి ఇదే నా ప్రూఫ్: నేను చూశాను, నాగేంద్ర చూశాడు, ప్రత్యూష గారు చూశారు. కుదరదు.

నిజం చెప్తున్నాను అత్తా, బడిలో ఉన్నప్పుడు లెక్క అంటే కూర్చోవాలి అనుకునేవాణ్ణి. నిలబడి, తోసి, చెమట పట్టి, జనంతో పోట్లాడి చెయ్యొచ్చని ఎవరైనా చెప్పుంటే ఇంకో రెండు నెలలైనా బడికి వచ్చేవాణ్ణి.

ఏ బండికి వస్తున్నావో రాయి. స్టేషన్‌కి వ్యాను తెస్తాను. స్పీకర్లు దింపేసే తెస్తాను.

పృథ్వీ


విజయనగరం
ఆగస్టు ఆఖరు

పృథ్వీ,

మీ నాన్న ఫోన్లో ఆహ్వానపత్రిక ఫొటో పంపించాడు. పంపించి, బాగుందా అక్కా అని కూడా అడిగాడు, పాపం. "రైల్వే యార్డుల రూపురేఖలనే మార్చివేసిన గణిత మేధావి." ఇది ఎవరి వాక్యమో నాకు తెలుసు. పెళ్ళికొడుకుని రాకుమారుణ్ణి చేసే గొంతు అందులో వినపడుతోంది. అచ్చయిపోయిన సంగతి నీ ఉత్తరంలో లేదు. ట్రాలీలు ఉన్నాయి, సిమెంటు ఉంది, ప్రత్యూష గారు ఉన్నారు. కార్డు మాత్రం లేదు.

నేను రాను.

కోపంతో రాస్తున్నానని అనుకోకు. కోపమైతే ఫోన్లోనే తిట్టేదాన్ని. నా పని గురించి నిజం అడిగావు కదా, రాస్తాను, విను. ఒక డెడ్ ఎండ్ లైను సంగతి నాకన్నా ముందే లోకానికి తెలుసు. నేను పట్టుకున్నది, రెండు డెడ్ ఎండ్ లైన్లు పక్కపక్కన ఉంటే ఏ వరసలు కుదురుతాయి, ఏవి కుదరవు అని. పొద్దున్న బడి, సాయంత్రం ఆ లెక్క. పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడల్లా సరిగ్గా ఏదో ఒక మెలిక దగ్గర ఉండేదాన్ని. అలా పదకొండేళ్ళు పట్టింది. చివరికి కుదరని వరసల్ని చూడగానే పట్టేసే ఒక పద్ధతి దొరికింది. పత్రికలో పడింది. దాన్ని పూర్తిగా చదివినవాళ్ళు ఒక జీపులో పడతారు, ఇంకా చోటు మిగులుతుంది.

అప్పుడు సంబరంతో యార్డుకి పట్టుకెళ్ళాను. అక్కడి ఆఫీసరు మంచివాడు. టీ ఇచ్చి, ఓపిగ్గా విని, "మేడమ్, మాకు వరస కుదరకపోతే అదే వ్యాగన్ని ఇంకోసారి నెడతాం" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన చేతులు జోడించలేదు, బిస్కెట్ ఇచ్చాడు. నా లెక్క వల్ల ఇప్పటిదాకా ఒక్క వ్యాగన్ కూడా కదల్లేదు. అది ఏ పనికీ రాలేదు, కానీ నిజం. అది కనిపించిన రోజు నేను వంటింట్లో గిన్నెలు పడేసి ఏడ్చాను, సంతోషంతో. అంతకన్నా పెద్ద శాలువా నాకు ఎవరూ కప్పలేరు.

మీకు అది చాలదనిపించింది. చాలదు గనకే పక్కన అబద్ధం నిలబెట్టారు. నాకు కష్టం కలిగింది అందుకు.

ఇక నీ ప్రూఫ్. ముగ్గురు అలిసిపోవడం ప్రూఫ్ కాదు. ప్రత్యూష గారు ఎంత గొప్పవారైనా కాదు.

శాంతత్త


బిలాస్‌పూర్
సెప్టెంబరు, గురువారం

అత్తా,

ఇన్నాళ్ళూ రాయలేదు. కార్డు మీద వాక్యం నాదే. నువ్వు ఒప్పుకోవని తెలిసే నీకు చెప్పలేదు. నీ పని చాలదని కాదు, నాకు అర్థం కాలేదు. అర్థం కాని చోట నేను సౌండ్ పెంచుతాను, పెళ్ళిళ్ళలో అదే అలవాటైపోయింది.

కానీ ఇప్పుడు ఇది చదువు. నిలబడి ఉంటే కూర్చుని చదువు.

పక్క ఊరు గతౌరాలో గణేశ్ పందిరికి మైకు ఒప్పుకున్నాను. వ్యాన్లో ముందు ఆంప్లిఫయర్ పెట్టాను, తర్వాత పెద్ద స్పీకరు బాక్సు, చివర లైటు స్టాండు. వ్యానుకి ఒకటే తలుపు. అక్కడికి వెళ్ళేసరికి సాయంత్రం అయింది, కమిటీవాళ్ళు ముందు లైటు కావాలన్నారు, ఇచ్చాను. తర్వాత మైకు పెట్టు, సర్పంచి గారు మాట్లాడాలి, ఇప్పటికి మా గుడి మీది హారన్‌కి తగిలించు, బాక్సులు తర్వాత చూసుకుందాం అన్నారు. ఆంప్లిఫయర్ కోసం చెయ్యి పెట్టాను. స్పీకరు అడ్డం. దాన్ని దింపకుండా ఆంప్లిఫయర్ రాదు. వాళ్ళేమో స్పీకరు ఇప్పుడే దింపొద్దు, బురదగా ఉంది, ఇంకా బల్ల వెయ్యలేదు అంటున్నారు.

లైటు మూడు. ఆంప్లిఫయర్ ఒకటి. స్పీకరు రెండు.

అత్తా, నేను అక్కడే ఆగిపోయాను. మూడోది ముందు బయటికి పోవాలంటే, అప్పటికి ఒకటీ రెండూ లోపలే ఉండి తీరాలి. ఒకటి ముందు దూరింది కాబట్టి గోడ దగ్గర ఉంటుంది. రెండు తర్వాత దూరింది కాబట్టి గుమ్మం దగ్గర ఉంటుంది. ఎవరు తోసినా, ఎంతసేపు తోసినా, రెండు పోకుండా ఒకటి పోలేదు. కాబట్టి మూడు తర్వాత రెండే రావాలి. మూడు, ఒకటి, రెండు అనేది ఉండదు. నాగేంద్రకి ఉండదు, తాతకి ఉండదు, యముడు వచ్చి షంటింగ్ చేసినా ఉండదు.

నాకు నవ్వు ఆగలేదు. సర్పంచి గారు దండ వేసుకుని నిలబడ్డారు, కమిటీవాళ్ళు అరుస్తున్నారు, నేను వ్యానులో తల పెట్టి నవ్వుతున్నాను. "ఈ తెలుగు లడ్‌కా తాగి వచ్చాడు" అని ఎవరో అన్నారు. నేను బయటికొచ్చి, కుదరదండీ, నేను చెయ్యలేకపోవడం కాదు, అసలు కుదరనే కుదరదు అన్నాను. బల్ల వేశారు. స్పీకరు దిగింది. నాకు ఇవ్వాల్సినదాంట్లో కొంత కోసేశారు. కోసుకోమను.

మర్నాడు తిరుమలరావు గారింటికి వెళ్ళాను. కార్డు అబద్ధం, మార్చాలి అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి పెట్టుకుని, ఊరంతా పంచేశాం, ముఖ్య అతిథికి కూడా వెళ్ళిపోయింది, ఇప్పుడు మారిస్తే సంఘం పరువు పోతుంది అన్నాడు. అయితే నేను స్టేజీ మీద నిజమే చెప్తాను అన్నాను.

"నువ్వు సదవకపోతే ఇంకోడు సదువుతాడు. నీలాటోళ్ళు బోల్డుమంది ఉన్నారు."

"ఉంటారు. మైకు నాది."

ఆయన లోపలికి కేకేసి ఇద్దరికీ టీ పెట్టమన్నాడు. దానర్థం ఏమిటో ఇంకా తేలలేదు.

ప్రూఫ్ పంపాను. నా చేత్తోనే రాశాను. ఇప్పుడైనా రైలెక్కుతావా?

పృథ్వీ


విజయనగరం
అక్టోబరు మొదలు

ఒరే,

ఇది ప్రూఫ్.

వంటింట్లో నిలబడి చదివాను, కూర్చోమని రాశావని గుర్తొచ్చి కూర్చున్నాను, మళ్ళీ లేచాను. సౌభాగ్యకి చదివి వినిపించాను. బియ్యం డబ్బా, పప్పు డబ్బా, ఉప్పు సీసా తీసి అలమరలో పెట్టించి, తీయించి చూపించాను. అది "అర్థమైంది అక్కా, ఇంక వంట చేసుకోనీ" అనేదాకా వదల్లేదు. యముడి వాక్యం కొట్టెయ్యి, ప్రూఫులో అంతమంది అక్కర్లేదు. మిగతాది మార్చడానికి ఏమీ లేదు. నేనైతే ఇంకో రెండు వాక్యాలు ఎక్కువ రాసేదాన్ని.

ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద ఇదే చెప్పాను. పిల్లలు రాసుకునేవాళ్ళు, పాసయ్యేవాళ్ళు. ఎవరూ వ్యానులో తల పెట్టి నవ్వలేదు. నువ్వు మధ్యలో వెళ్ళిపోయినప్పుడు నిన్ను ఎందుకు ఆపలేదని మీ నాన్న నన్ను అడిగాడు. నువ్వు కిటికీ వైపు కూర్చుని యార్డు చూసేవాడివి. నేనూ ఆ వయసులో అదే చూశాను. నిన్ను తిట్టబుద్ధి కాలేదు.

కానీ ఆదివారం ఆ స్టేజీ మీద నేను ఉండను. కార్డు అలాగే ఉంది కదా. దాని కింద కూర్చుంటే నేను ఒప్పుకున్నట్టే. ఎదురుగా కూర్చునేవాళ్ళలో సగం మంది యార్డులో పనిచేసినవాళ్ళు. వాళ్ళ డ్యూటీ నేను తేలిక చేశానని వాళ్ళ మొహం మీదే ఎలా చెప్పించుకోను? నువ్వు చదివేది నువ్వు చదువు. భయపడకు. సౌండ్ తగ్గించి చదువు.

ఇంకొకటి. పోయిన రెండు ఉత్తరాల్లో ఒత్తులన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. నీకు ఒత్తులు ఎప్పుడూ కుదరవు. ఎవరు దిద్దుతున్నారు? పేరు రాయనక్కర్లేదు, పోయినసారి ఉత్తరంలో ఆ పేరు ఒక్కసారి కూడా రాకపోవడంతోనే నాకు తెలిసిపోయింది.

శాంతత్త


బిలాస్‌పూర్
అక్టోబరు, సోమవారం

అత్తా,

నిన్న ఏమైందో చెప్తాను. వీధిలో పిల్లలు గోల చేస్తున్నారు, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు. ఇది ఎవరూ దిద్దలేదు.

హాలు నిండిపోయింది. నీ కుర్చీ ఖాళీగా మధ్యలో ఉంది, దాని మీద శాలువా మడతపెట్టి ఉంచారు. నీకు ఒంట్లో బాగాలేదని చెప్పమని తిరుమలరావు గారు నా చెవిలో అన్నారు. నేను మైకు తీసుకుని, మా అత్త ఆరోగ్యంగా ఉంది, ఈ కార్డు మీద ఉన్నది నిజం కాదు కాబట్టి రాలేదు, ఆ వాక్యం రాసింది నేనే అన్నాను. ప్రత్యూష గారు (అవును, ఆవిడే, ఇంక అడగకు) పక్కనుంచి, ఆగకండి, చెప్పండి అన్నారు. అత్త లెక్క వల్ల ఒక్క వ్యాగన్ కూడా కదల్లేదు అన్నాను. వెనక వరసలో ముసలాయన ఒకడు, "మరైతే ఎందుకయ్యా ఈ శాలువాలు?" అన్నాడు.

నేను కాగితం జేబులో పెట్టేసి, కుర్చీలు రెండు వరసలుగా గోడదాకా జరిపించాను, మధ్యలో ఒక మనిషి పట్టే సందు. నాకు మూడు వ్యాగన్లు కావాలన్నాను. ఒకటో వ్యాగన్‌గా అప్పయమ్మ గారు వచ్చారు, షంటర్ భార్య, తాతకి తెలిసినావిడే. ఆవిణ్ణి గోడ దగ్గర కూర్చోబెట్టాను. రెండోదిగా తిరుమలరావు గారిని పిలిచాను. రానన్నారు. హాలంతా తప్పట్లు కొట్టేసరికి వచ్చారు. మూడోది ముఖ్య అతిథి, కరెంటు కంపెనీలో పెద్ద ఇంజనీరు, మనిషి నిజంగానే వ్యాగనంత ఉంటాడు.

ముఖ్య అతిథి సందు మొదట్లోంచే బయటికి వచ్చేశారు. ఇప్పుడు అప్పయమ్మ గారు రావాలి, తిరుమలరావు గారు కదలకూడదు అన్నాను. ఆవిడ లేచింది. ఆయన పొట్ట లోపలికి లాక్కుని కుర్చీలకి అతుక్కుపోయారు. "ఏటి బాబూ, పట్టాల మీద వ్యాగన్ ఎప్పుడైనా పక్కకి జరుగుతాదా?" అని ఆవిడ అడిగేసరికి హాలు కూలిపోయింది అనుకో. రిటైరైన పాయింట్స్‌మన్లు, షంటర్లు అందరూ స్టేజీ దగ్గరకి వచ్చేశారు. ఒకాయన ఇలా నెట్టు అంటాడు, ఇంకొకాయన నీకు ప్రమోషన్ ఎవరిచ్చారో అంటాడు. ఒక్కొక్కరూ లోపల దూరి చూశారు. ఎవరికీ రాలేదు. అప్పుడు నేను నీకు రాసిందే చెప్పాను. మూడు ముందు పోవాలంటే ఒకటీ రెండూ లోపల ఉండి తీరాలి, అక్కణ్ణుంచి చివరిదాకా. సౌండ్ తగ్గించే చెప్పాను.

తిరుమలరావు గారు ఇంకా సందులోనే నిలబడి ఉన్నారు. నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. "గార్డుగా సెప్తున్నాను. కుదరదు" అన్నారు. అంతే అన్నారు, మైకు ఇచ్చేశారు.

అప్పయమ్మ గారు మాత్రం గోడ దగ్గర్నుంచి లేవలేదు. నీళ్ళు కావాలా అని వంగి అడిగాను. "మీ తాత జతలోనే మా ఆయనా డ్యూటీ సేసీవోడు. కుదరని వరస అడిగీసినారని ఇంటికొచ్చి కంచం ఇసిరీవోడు. ఆడికి చేతకాక అనుకునీదాన్ని నేను. అనీదాన్ని కూడాను" అంది. "ఆడి తప్పు కాదన్నమాట." అని చీర కొంగుతో మొహం తుడుచుకుని, ఒకటో వ్యాగన్ ఇంకా ఇక్కడే ఉందని అందరికీ గుర్తుచెయ్యమంది. ఒక్క వ్యాగన్ కదల్లేదని రాశావు కదా నువ్వు. దీన్ని ఏ లెక్కలో వెయ్యాలో నాకు తెలీదు. నువ్వే చెప్పాలి.

గది తలుపు తియ్యలేదు. ముఖ్య అతిథి తీస్తానన్నారు గానీ, తిరుమలరావు గారు తాళంచెవి జేబులో వేసుకున్నారు, విజిల్ పక్కన. టీచరమ్మ వచ్చినప్పుడే అన్నారు.

ఇప్పుడు నా కష్టం విను. పొద్దున్నుంచి కాలనీ పిల్లలందరూ సైకిళ్ళు వేసుకుని మన సందులోకి వచ్చేశారు. మన సందు చివర గోడే కదా. నాలుగు సైకిళ్ళతో ఆడుతున్నారు, ఐదు సైకిళ్ళతో ఆడుతున్నారు, ఎవరి అమ్మ పిలిచినా వెళ్ళడం లేదు. చిన్నమ్మి అని ఒక పిల్ల, ఆరో క్లాసు, నా దగ్గరకొచ్చి, "అన్నా, పక్క సందు కూడా వాడుకుంటే? రెండు డెడ్ ఎండ్‌లు ఉంటే ఏవి కుదరవు?" అని అడిగింది. అది నీ పదకొండేళ్ళ ప్రశ్న అత్తా. ఎవరూ చెప్పకుండా అడిగింది. నేను నిజం చెప్పాను, నాకు తెలీదు, తెలిసినావిడ ఒకరున్నారు అని. ఎప్పుడొస్తారు అంది. దానికీ తెలీదనే చెప్పాను.

నువ్వు స్టేజీ కిందకి రావద్దు. శాలువా వద్దు, తిరుమలరావు గారు ఎలాగూ దాన్ని తాళంచెవి ఉన్న జేబు మీద కప్పుకుని తిరుగుతున్నారు. కార్డులు ఇప్పుడు పిల్లలు చింపి వెనక్కి తిప్పి నంబర్లు రాసుకుంటున్నారు. ఆ పిల్లకి జవాబు చెప్పడానికి మాత్రం రా. జవాబు చెప్పడానికి కూడా కాదులే, నాకు చెప్పినట్టే, చెప్పకుండా ఉండడానికి రా. ఈ ఉత్తరం ఇవాళే స్పీడ్ పోస్టులో వేస్తాను. అందగానే నువ్వు

ఆగు. సందు మొదట్లో ఏదో గొడవ. ఆటో ఒకటి లోపలికి రాబోయి ఇరుక్కుంది, దాని ముందు సైకిళ్ళు, సైకిళ్ళ ముందు నా వ్యాను. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పిల్లలందరూ ఒక్కసారి నోరు మూసుకున్నారు, ఆటోలోంచి ఎవరో వాళ్ళకి ఏది ముందు తియ్యాలో, ఏది తర్వాత తియ్యాలో చెప్తున్నారు. చిన్నమ్మి ఎదురు చెప్తోంది. లోపల ఉన్నావిడ, "అయితే ఎందుకో చూపించు" అంటోంది.

ఆదివారం ఉండను అన్నావు. సోమవారం సంగతి రాయలేదు.

"మధ్యలో ఆ వ్యాను ఎవడిదిరా?" అని అడుగుతున్నావు. నాదే. వెళ్ళాలి.